నవ్వు బిళ్ల

సలోమి సిస్టరు డ్యూటీకి రాగానే ముందు వేసుకోవాల్సింది గ్లవుజులు కాదు, నవ్వు బిళ్ల. అది ఛాతీ మీద అంటుకుని ఆమె ముఖాన్నే చూస్తూ ఉంటుంది. నవ్వు తగ్గితే కుయ్యిమంటుంది. మూడుసార్లు కూసిందా, వారపు సెలవు రద్దు.

మొదట్లో నర్సులు దాని కంటికి ప్లాస్టరు అంటించి చూశారు. వార్డంతా అదిరేలా అరిచింది. నలభై మంది రోగులకి ఒక్కదాన్నే, ఇంకో నర్సుని వేయండని సలోమి అడిగితే ఇంకో బిళ్ల ఇచ్చారు. అప్పటినుంచి ఆమె సూదులు వేస్తూ, బెడ్‌పాన్లు ఎత్తుతూ, రెండు బిళ్లలకీ సరిపడా నవ్వుతోంది.

ఆ ఉదయం పన్నెండో బెడ్డు మీది ముసలాయన పోయాడు. పది రోజులుగా ఆయనకి గంజి తాగించింది సలోమే. ఆయన కళ్లు మూస్తుంటే ఆమెకి ఏడుపు ఆగలేదు. బిళ్లలు కూశాయి.

"ఏటమ్మా ఆ కూత?" అంది ఆయన భార్య వరహాలమ్మ, వెక్కుతూనే.

"నేను నవ్వట్లేదని, మామ్మా. ఇది రెండోసారి. ఇంకోసారి కూస్తే నా ఆదివారం పోద్ది."

వరహాలమ్మ కొంగుతో ఆమె చెంపలు తుడిచింది. "అయితే నవ్వేయ్ తల్లీ. మావేటీ అనుకోం. ఆయనా ఏటీ అనుకోడు."

సలోమి నవ్వింది. ఒక బిళ్ల పచ్చగా వెలిగి ఫొటో తీసుకుంది.

మర్నాడు ఆస్పత్రి గేటుకి ఫ్లెక్సీ కట్టారు: 'ఈ నెల ఉత్తమ చిరునవ్వు'. అందులో సలోమి కన్నీళ్లు చెరిపేశారు. చెంప మీదున్న ముడతల చెయ్యి చెరపడం మాత్రం మరిచిపోయారు.