నాలుగో చరణంలో మౌనం

"ఆపండమ్మా, ఆపండి!" ప్రొఫెసర్ గారు బల్ల మీద అరచేత్తో కొట్టారు. "నాలుగో చరణం మొదట్లో పాడకూడదు. మౌనంగా ఉండాలి. తిరగలి చప్పుడు ఒక్కటే వినపడాలి. ఆ మాత్రం కూడా తెలియకుండా జానపద ఉత్సవంలో పాడటానికి వచ్చేశారా?"

ఇస్త్రీ ఆవిడ గతుక్కుమంది. ఆవిడకు అరవై ఏళ్లుంటాయి. ఇస్త్రీ బండి కూతురికి అప్పజెప్పి, పొద్దున్నుంచీ వరండాలో పడిగాపులు పడి, ఇరవై మంది తర్వాత లోపలికొచ్చింది. తీరా నోరు తెరిస్తే ఇదీ వరస.

"మౌనం ఎందుకు సార్? అక్కడ మాటలున్నాయిగా!"

ప్రొఫెసర్ గారు జాలిగా నవ్వారు. నవ్వరూ మరి! ఆ మౌనం మీదే ఆయన మూడొందల యాభై పేజీల పుస్తకం రాశారు. వెనకటికి ఒక జాతి జాతంతా నది దాటుతూ మునిగిపోయిందనీ, పోయినవాళ్ల కోసం ఆ పాట అక్కడ నోరు మూసుకుంటుందనీ తేల్చారు. పుస్తకంతో పదవి వచ్చింది, పదవితో సన్మానాలు వచ్చాయి. అప్పట్నుంచి ఆ పాట ఎవరు పాడినా అక్కడ ఆగాల్సిందే. జనం లేచి తలలు వంచుతారు. కొందరు కళ్లు కూడా తుడుచుకుంటారు.

ఇంతటి పుస్తకానికీ ఆధారం ఒకే ఒక్క టేపు. యాభై ఏళ్ల కిందట ఆయనే స్వయంగా ఒక పదేళ్ల పిల్ల చేత పాడించి రికార్డు చేసుకున్నారు. ఆ పిల్ల పేరు అడగాలని మాత్రం అప్పట్లో ఆయనకు తోచలేదు. ఆ టేపునే శుభ్రం చేయించి, రేపు ఉత్సవంలో సీడీగా విడుదల చేస్తున్నారు. పక్కగదిలో డిజైనర్ అమ్మాయి అట్ట తయారు చేస్తోంది. ఇంకో గంటలో అది ప్రెస్సుకు వెళ్లాలి.

"అసలు పాటంటే ఏమిటో వినండి" అని ఆయన టేపు పెట్టారు.

సన్నటి గొంతు పలికింది. మూడో చరణం అయిపోయింది. ఆ తర్వాత తిరగలి గరగర తప్ప ఏమీ లేదు. ప్రొఫెసర్ గారు ఎప్పట్లాగే భక్తిగా కళ్లు మూసుకున్నారు. తెరిచేసరికి ఇస్త్రీ ఆవిడ చేత్తో నోరు కప్పుకుని నవ్వుతోంది.

"నవ్వులాటగా ఉందా మీకు?"

"అయ్యో, ఏమీ అనుకోకండి సార్! అది నేనే."

"ఏది మీరు?"

"ఆ పిల్లని. మాటలు మర్చిపోయి బిక్కమొహం వేశాను. టేపు దండగవుతోందని ఆ రికార్డు చేసే బాబు నా తొడ మీద గట్టిగా గిల్లాడు. ఏడుపు దిగమింగుకునేసరికి పాట ముందుకెళ్లిపోయింది. తిరగలి మా అమ్మ తిప్పుతోంది. ఆవిడ ఆపితేగా!"

ప్రొఫెసర్ గారు చటుక్కున టేపు ఆపేశారు. గిల్లిన వేళ్లకు ఆ సంగతి బాగానే గుర్తుంది.

"ఎవరా బాబు? చూస్తే గుర్తుపడతారా?"

"ఎక్కడ సార్! పూచికపుల్లలా ఉండేవాడు, తల నిండా జుట్టు. ఎక్కడున్నాడో ఏమో, చల్లగా ఉండాలి."

ఆయన అప్రయత్నంగా తన బట్టతల తడుముకున్నారు. "ఇంతకీ అక్కడ ఉన్న మాటలేమిటి?"

ఆవిడ గొంతు సవరించుకుని పాడింది.

"అందరి కంచాలు నిండినయ్ రాయీ, అమ్మకు మిగిలింది అడుగున పొట్టూ!"

అందులో నదీ లేదు, మునిగిన జాతీ లేదు. ఉన్నదల్లా పొట్టు.

"ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?"

"ఎవరికి తెలుస్తుంది సార్? మా అమ్మ ఎప్పుడో పోయింది. నా కూతురికి పాటలంటేనే తలనొప్పి. ఆ టేపు ఇంకా ఉందని నాకే ఇప్పుడు తెలిసింది." ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "అమ్మ ఆ ఒక్క ముక్క దగ్గరే గొంతెత్తి పాడేది. అదే నా వల్ల పోయిందంటే ప్రాణం ఉసూరుమంటోంది. రేపు ఒక్కసారి పూర్తిగా పాడనివ్వండి సార్. ఇంకేమీ అడగను."

ప్రొఫెసర్ గారు లేచి వచ్చి ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నారు.

"మీరు దొరకడం నా అదృష్టమమ్మా. రేపు నలుగురితో పాటు మీరెందుకు? ఎల్లుండి సాయంత్రం ఐదింటికి రండి. మీ ఒక్కరి కోసమే కచేరీ పెట్టిస్తాను. ముందు మీ పేరు చెప్పండి, అట్ట మీద వేయిస్తాను."

"నా పేరే? అచ్చులోనే?"

"పెద్ద అక్షరాలతో!"

ఆవిడ ఇంటిపేరుతో సహా చెప్పింది. ఆయన కాగితం మీద రాసి, తప్పు దొర్లకూడదని రెండుసార్లు చదివి వినిపించారు. ఆవిడ దణ్ణం పెట్టి, గడప దగ్గర వెనక్కి తిరిగి మరోసారి పెట్టి, ఐదింటికే కదా అని రూఢి చేసుకుని వెళ్లింది. ఆయన గేటు దాకా సాగనంపి, ఆవిడ మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపారు.

తర్వాత తిన్నగా పక్కగదిలోకి వెళ్లి, డిజైనర్ అమ్మాయికి కాగితం అందించారు.

"మన టేపులో పాడిన పాప పేరు దొరికిందమ్మా! అట్ట మీద వేసెయ్. ముందు 'కీర్తిశేషులు' అని చేర్చడం మర్చిపోకు."