మూలన ఐదు గుంటలు

ఇళ్లలో చేపల తొట్టెలు బాగుచేయడం నా పని. ఒక ఇంట్లో ఆవిడకి చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా ఎక్కేది కాదు. ఫిల్టర్ ధార సన్నగానే ఉండాలంటుంది. నీళ్లు తిరక్కపోతే పాచి పడుతుందమ్మా అంటే నవ్వేస్తుంది. అడుగున ఇసుక కెలికే చేపలు వద్దంటుంది. మూడేళ్లుగా ఆ ఇసుకని ముట్టుకోనివ్వలేదు.

ఇవాళ ఆవిడ ఆఫీసులో ఉంది, తాళం నా దగ్గరుంది. మంచి పనేగా అని ఇసుకంతా తీసి కడిగి, చదునుగా పరిచాను. పెద్ద ఫిల్టర్ బిగించాను. తొట్టె అద్దంలా మెరిసింది.

సాయంత్రం ఆవిడ వచ్చి, చెప్పులైనా విప్పకుండా తొట్టె ముందు నిలబడిపోయింది.

"ఈ మూలన ఐదు గుంటలుండాలే."

"చదును చేసేశానమ్మా. చూడ్డానికి బాగోలేవు."

"మా పాప మొక్క నాటుతానని అక్కడ చెయ్యి నొక్కింది," అంది మెల్లగా. "మర్నాడే జ్వరం. మూడు రోజుల్లో పోయింది."

ఆవిడ నీళ్లలోకి చెయ్యి దించి, ఇసుక మీద వేళ్లు ఆనించి ఆగిపోయింది.

"నా చెయ్యి పెద్దది. ఆ గుంటల్ని ఆఖరుసారి చూసింది మీరేగా. వేళ్ల మధ్య ఎంత ఎడముండేదో కాస్త చెప్పండి."