కొండెక్కని రోజా

స్టాలు యజమాని ధనశేఖర్ నీళ్ళ పైపు కోసం వెనక్కి తిరిగాడు. పంకజాక్షికి అంతకన్నా ఏం కావాలి? హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న కత్తెర బయటికి వచ్చింది, టక్కుమంది, లోపలికి పోయింది. పసుపు రేకుల మీద ఎర్ర చారలున్న రోజా, జానెడు కాడతో సహా ఆమె చేతిలో ఉంది.

తిరుపతి పూల ప్రదర్శనలో ఎన్ని రకాల పూలున్నా, అందరి కళ్ళూ ఆ చారల రోజా మీదే. సత్యవేడు నుంచి దాన్ని తెచ్చిన ధనశేఖర్, "ఇది సూసేదానికే, అమ్మేదానికి కాదు" అని పొద్దుటి నుంచి అందరికీ చెబుతున్నాడు. చిత్తూరు మిద్దెతోట సంఘం అధ్యక్షురాలు భారతమ్మ అంతటావిడ రెండుసార్లు బతిమాలినా వినలేదు. అమ్మనంటే మరి ఏం చేస్తారు మనుషులు?

గేటు దగ్గర సంచులన్నీ విప్పి చూస్తున్నారు. దానికీ పంకజాక్షి దగ్గర మందుంది. రోజా కాడను జడలోకి దూర్చేసి, పైన మల్లెచెండు చుట్టేసింది. ముళ్ళు నెత్తిన గుచ్చుకుంటున్నా నవ్వు మొహం పెట్టి నడిచింది. గేటు కాడి మనిషి టిఫిన్ డబ్బా మూత కూడా తీసి చూశాడు గానీ, తల వంక చూడలేదు. ఆడవాళ్ళ తల్లో పూలు తనిఖీ చేసే మగాడు ఇంకా పుట్టలేదు.

సంఘం వాళ్ళంతా వచ్చిన వ్యాను మెట్టు దగ్గర భారతమ్మ నిలబడి ఉంది. ఆమె చూపు పంకజాక్షి జడ మీద ఆగింది.

"ఏందిమే తల్లో? కొత్తగా ఉండాదే!"

"బయట పూలమ్మి కాడ కొన్నానక్కా. ఉత్త పువ్వే. సాయంత్రానికి వాడిపోయేదే గదా."

"ఊఁ" అంది భారతమ్మ.

ఆ 'ఊఁ' వినగానే పంకజాక్షి గబగబా వ్యానెక్కేసింది. పొద్దున బయల్దేరేటప్పుడు భారతమ్మ అందరి చేతా కాణిపాకం వినాయకుడి మీద ఒట్టు వేయించింది. ఎవరూ కొమ్మ తుంచకూడదు, తుంచినవాళ్ళు ఆ నిమిషం నుంచి సంఘంలో ఉండకూడదు. అందరితోపాటు పంకజాక్షీ ఒట్టు వేసింది. కాకపోతే, అప్పటికి ఈ రోజాను చూడలేదు కదా!

పక్క సీట్లో ప్రశాంతి జడ దగ్గరికి వంగింది.

"అక్కా, ఇది ఆ సత్యవేడాయన స్టాల్లో..."

"మెల్లగా మాట్లాడుమే!"

"దొంగకొమ్మ అయితే బాగా బతుకుతాదంట. నాటుకున్నాక నాకూ ఒక కొమ్మ ఇయ్యాల" అని గుసగుసలాడింది ప్రశాంతి.

ముందు సీట్లో భారతమ్మ వెనక్కి తిరగకుండానే అద్దంలో చూస్తూ బొట్టు సరిచేసుకుంటోంది. వ్యాను కదిలిన కాసేపటికి ఆమె గొంతు లేచింది.

"చెంగయ్యా, బండిని కొండకు తిప్పప్పా! ఇంత దూరం వచ్చి స్వామికి దండం పెట్టుకోకుండా పోతామా?"

"గోవిందా, గోవింద!" అని వ్యానంతా ఒక్కటే గొంతు. డ్రైవరు చెంగయ్య కూడా అందుకున్నాడు. పంకజాక్షి చెయ్యి మాత్రం జడ మీదికి పోయింది. కొండ మీద పూలన్నీ స్వామివే. తల్లో పువ్వు పెట్టుకుని ఎవరూ ఎక్కరు.

"అక్కా, మన దగ్గర టికెట్లు లేవే" అంది.

"గుడి బయటి నుంచి దండం పెట్టుకునేదానికి టికెట్టు యాడిది?"

"నాకు మోకాలు నొప్పి..."

"బండి ఎక్కుతాదిలేమే కొండ, నీ మోకాలు కాదు."

అందరూ గొల్లున నవ్వారు. కపిలతీర్థం దాటగానే భారతమ్మ ఒక గుడ్డసంచి పట్టుకుని లేచింది.

"పూలన్నీ ఇందులో వెయ్యండి. రోడ్డు మీద పారేస్తే తొక్కుతారు, పాపం. నేను యాడన్నా చెట్టు మొదట్లో వేస్తా."

మల్లెలు, కనకాంబరాలు సంచిలో పడ్డాయి. పంకజాక్షి వంతు వచ్చింది.

"నాది హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంటానక్కా."

"బ్యాగులో పెట్టుకున్నా కొండ మీదికి మోసినట్టే గదా. ఉత్త పువ్వేనంటివి, దానికింత ఆలోచనా?"

పంకజాక్షికి ఏడుపొక్కటే తక్కువ. ఇవ్వనంటే సంఘం పోతుంది. ఇస్తే రోజా పోతుంది. అదీగాక దొంగసొత్తు తల్లో పెట్టుకుని కొండెక్కితే పైవాడు ఊరుకుంటాడా? ఒక్కొక్క ముల్లూ విడిపించుకుంటూ జడలోంచి కాడ లాగింది. కళ్ళు మూసుకుని సంచిలో వేసింది.

అలిపిరి కనిపిస్తుండగా భారతమ్మ కిటికీలోంచి తొంగి చూసింది.

"అబ్బో! శనివారం గదా, బండ్లు సూడు ఎట్ల నిలబడిపోయినాయో! ఇప్పుడు పైకి పోతే ఇల్లు చేరేది రేపే. ఈడ్నించే దండం పెట్టుకోండమ్మా, స్వామికి అన్నీ కనపడతాయి. చెంగయ్యా, చిత్తూరికి తిప్పు."

కొందరు ఉసూరుమన్నారు, కొందరు అక్కడినుంచే చేతులెత్తి దండం పెట్టారు. పంకజాక్షికి మాత్రం పోయిన ప్రాణం లేచొచ్చింది. స్వామి తన పక్షానే ఉన్నాడు! ఒక్క అంగలో ముందు సీటు దగ్గరికి వెళ్ళింది.

"అక్కా, కొండకు పోవడం లేదు గదా. నా పువ్వు నాకిచ్చేయండి."

భారతమ్మ నీళ్ళ సీసా మూత బిగించింది. ఒళ్ళో చారల రోజా ఉంది. దాని కాడ చివరికి తడిపిన చేతిరుమాలు చుట్టి ఉంది.

"స్వామి పేరు చెప్పి తీసిన పువ్వు మళ్ళా తల్లో పెట్టుకుంటారామే?" అంటూ పంకజాక్షి చెవి దగ్గరికి వంగింది. "అయినా దొంగకొమ్మ బాగా బతుకుతాదంటారు గదా. ఇది రెండు దఫాలు దొంగతనమైంది, గంపెడు పూస్తాది సూడు!"