ఒకే కొట్టు, రెండు సంబంధాలు

పలాసలో ఒకే మందుల కొట్టు నుంచి రెండు సంబంధాలు వచ్చాయి.

ఒకాయన లోకనాథ్, ఫార్మసిస్టు. రెండో ఆయన ప్రేమ్‌కుమార్, కౌంటర్ మీద మందులిస్తాడు. తనని తాను ‘ఫార్మసీ టెక్నీషియన్’ అని చెప్పుకుంటాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

“నాను రాను. నువ్వూ మావా ఎలిపోండి. నీకు నచ్చినోడే కాయం,” అంది రత్నాలమ్మ కూతురితో. తండ్రి పోయాక ఆ ఇంట్లో ఏ నిర్ణయమైనా హేమలతదే.

అక్కుపల్లి నుంచి బస్సులో వస్తున్నంతసేపూ మేనమామ కృష్ణారావుకి ఒకటే సందేహం.

“టెక్నీషియనంటే టీవీలు బాగుసేసినోడు కదేటే? మందుల కొట్లో ఆడికేటి పని?”

హేమలతకి నవ్వు రాలేదు. ఇది తప్పయితే మళ్లీ దిద్దుకోగలిగేది కాదు.

తామెవరో చెప్పకుండా కొట్టు మెట్లెక్కారు. మావ కుంటడం చూసి ప్రేమ్‌కుమార్ మోకాళ్ల నొప్పులకి బిళ్లలు తీశాడు. హేమలత మొహం చూసి తలనొప్పికి తీశాడు. బస్సు దిగి వచ్చారు కదా అని వాంతులకీ తీశాడు. వాళ్లింకా నోరు విప్పలేదు.

“ఆగండి!” మూల కుర్చీలోంచి లోకనాథ్ లేచాడు. “షుగరుందా బాబూ? కిడ్నీలు సూపించుకున్నారా? ఇంతకు ముందు ఏ మందులు వాడినారు?”

మావకి చెమటలు పట్టాయి. లోకనాథ్ బిళ్లలన్నీ లాక్కుని సొరుగులో పడేశాడు. “డాక్టరు చీటీ తెండి.”

“మీ ఇద్దర్లో ఎవులు గొప్ప బాబూ?” మావ ఉండబట్టలేక అడిగేశాడు.

“నాను! ఈ కొట్టు నా లైసెన్సు మీద నడస్తంది,” అన్నాడు లోకనాథ్.

“నడిపిత్తంది నాను. ఈయన పొద్దుట్నుంచి ఏటమ్మినాడో అడగండి.”

“అమ్మకుండా ఆపడమే నా ఉద్యోగం!”

“అయితే తాళమేసేద్దుమా? నువ్వు ఆలోసించేలోగా రోగం దానంతటదే తగ్గిపోతాది!”

ఒకే దగ్గుమందు సీసాని చెరోవైపు పట్టుకుని లాగారు. మందంతా, గొడవ విని లోపల్నుంచి వచ్చిన కొట్టు యజమాని చొక్కా మీద పడింది. పక్క ఎస్టీడీ బూత్‌లో మాట్లాడుతున్నవాళ్లు ఫోన్లు పెట్టేసి మరీ వచ్చారు.

అంత గొడవలోనూ లోకనాథ్ హేమలత వైపు తిరిగాడు. “మొహం పీక్కుపోయిందేటమ్మా? ఏటైనా తిన్నావా?”

తినలేదు. ప్రేమ్‌కుమార్ చెయ్యి అప్పుడే బలం టానిక్కు మీదికి వెళ్లింది. లోకనాథ్ ఆ చేతిని తోసేసి, తన టిఫిన్ డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

తిరుగు బస్సులో మావ ఓటు ప్రేమ్‌కుమార్‌కే. “ఆడి సురుకు సూసినావా? ఈయన మంచినీల్లకీ చీటీ అడుగుతాడే!”

“అడిగే మనిషే కావాల మావా. నాన్న కిడ్నీలు పోయేదాకా నొప్పి బిళ్లలు మింగేత్తంటే అడిగినోడు లేడు.”



ఆదివారం లోకనాథ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని అక్కుపల్లి వచ్చాడు. లోపలి గదిలో హేమలత కనకాంబరాలు జడలో తురిమి, చేతుల్లో కాఫీ పళ్లెం పెట్టి, “బయమేటి, పద” అంటూ పెళ్లికొడుకు ముందుకి తోసింది, తన తల్లిని.