చిన్న ముక్కేగా

"చిరిగిన మెనిస్కస్‌ని కత్తిరించొద్దు, కుట్టెయ్," అన్నారు మావారు ఆసుపత్రి మంచం మీంచి. ఊళ్లో సగం మంది మోకాళ్లు కోసిన డాక్టరుగారు, తన మోకాలి దగ్గరికొచ్చేసరికి దుప్పటి గట్టిగా పట్టుకున్నారు.

"కుడితే నెలన్నర కర్రల మీద నడవాలి సార్," అన్నాడు ఆయన దగ్గరే పని నేర్చుకున్న జూనియర్. "తీసేస్తే మర్నాడే నడవచ్చని మీరేగా అందరికీ చెప్తారు."

"ఎముకల మధ్య మెత్తయ్యా అది. తీసేస్తే బరువంతా ఒక్కచోటే పడి ఎముకా ఎముకా ఒరుసుకుంటాయి. కొన్నేళ్లకి కాలు వంకరపోతుంది."

"ఎంత బాగా చెప్పారండీ," అన్నాను. "ఇన్నాళ్లూ ఈ సంగతి ఎవరికీ చెప్పినట్టు లేరే."

అప్పుడే మా నాన్న చేతికర్రతో, వంకరకాలు ఈడ్చుకుంటూ లోపలికొచ్చాడు. మా పెళ్లైన కొత్తలో ఆ మోకాల్లో మెత్త తీసేసింది ఈ అల్లుడే.

"భయపడకండి అల్లుడుగారూ, చిన్న ముక్కేగా," అని నాన్న ఆయన భుజం తట్టాడు. "తీయించేసుకోండి. నేను మర్నాడే నడవలేదూ? ఈ వంకరంటారా, అది వయసు వల్ల వచ్చింది. మీరే చెప్పారుగా."

మావారు జూనియర్ వైపు తిరిగి, త్వరగా మత్తివ్వమన్నారు.