చప్పట్లాయన, గాలి మిషను

పొద్దున్నే పై అంతస్తు బాల్కనీలోంచి మళ్ళీ చప్పట్లు మొదలయ్యాయి.

"ఇవాళ సభ పెందలాడే మొదలైంది," అన్నాడు తాతయ్య, కాఫీ గ్లాసు కింద పెడుతూ.

ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. గొంతు మాత్రం ఇంకా రిటైరవలేదు.

కిటికీ గట్టు మీద వాలబోయిన పావురాలు ఆ చప్పుడికి బెదిరి ఎగిరిపోయాయి. తాతయ్య వాటికోసం చల్లిన గింజలు అలాగే ఉండిపోయాయి.

"నోరులేని జీవాలు. పైన కొత్తగా దిగిన ఆ మహానుభావుడికి వాటి మీద ఏం పగో."

"వాళ్ళ గొడవ మనకెందుకు నాన్నా. ముందు పాపకి మందు పట్టండి," అంది కూతురు, కుట్టు మిషను దగ్గర్నుంచి తలెత్తకుండానే.

పాపకి ఆరేళ్ళు. కొన్నాళ్ళుగా ఒకటే దగ్గు. పడుకుంటే ఛాతీలో పిల్లికూతలు.

"ఇలాగే ఉంటే పాపని కొన్నాళ్ళు చోటు మార్చి చూడండి," అని డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది.

చోటు మార్చడమంటే పెద్దమ్మ ఇంటికి పంపడమే. పాప లేని ఇల్లు తలుచుకుంటేనే తాతయ్యకి గుండె జారిపోయింది. ఆ సాయంత్రమే వెళ్ళి, గాలిని శుభ్రం చేసే మిషను కొనుక్కొచ్చాడు. ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తనే బిగించి, పాప మంచం పక్కన పెట్టాడు.

"ఇదుగో, నా కొత్తల్లుడు. కాఫీ అడగడు, అలగడు."

అసలు అల్లుడు పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాడు.

మర్నాడు మెట్ల మీద చప్పట్లాయన ఎదురయ్యాడు. సన్నటి మనిషి, మాట కూడా సన్నమే.

"బాబాయ్ గారూ, కొన్నాళ్ళు ఆ గింజలు వేయకండి. మీకు పుణ్యముంటుంది."

"పక్షికి గింజ వేయకపోతే పుణ్యమా? కొత్త లెక్కే." తాతయ్య విసురుగా దిగిపోయాడు. గింజలు ఇంకాస్త ఎక్కువ వేశాడు కూడా.

చప్పట్లు మాత్రం ఆగలేదు. పొద్దున, సాయంత్రం, ఒక్కోసారి మిట్టమధ్యాహ్నం. పాపకి అదో ఆట. కిటికీలోంచి తనూ చప్పట్లు కొట్టి నవ్వేది.

మెల్లగా పావురాలు రావడం తగ్గింది. తర్వాత మానేశాయి. గింజలు తినేవాళ్ళు లేక తాతయ్య కూడా వేయడం మానేశాడు.

ఈలోగా పాప దగ్గూ తగ్గింది. పిల్లికూతలు పోయాయి. "ఎక్కడికీ పంపక్కర్లేదు," అంది డాక్టరమ్మ.

ఇక తాతయ్యని పట్టుకునేవాళ్ళు లేరు. వచ్చినవాళ్ళందరినీ పాప గదిలోకి తీసుకెళ్ళేవాడు.

"లోపలికి జరగండి, లోపలికి జరగండి. మా కొత్తల్లుడి ప్రతాపం చూడండి."

ఒకరోజు చప్పట్లాయన మెట్ల దగ్గర ఆగాడు.

"పాప ఇప్పుడు దగ్గడం లేదు కదండీ?"

"లేదు. అంతా మా మిషను చలవ."

"చాలా సంతోషమండీ." ఆయన మొహం వెలిగిపోయింది. గబగబా పైకి వెళ్ళిపోయాడు.

కొన్ని నెలలకి మిషను మీద ఎర్రలైటు వెలిగింది. ఫిల్టరు మార్చడానికి కంపెనీ అమ్మాయి వచ్చింది. వెనక మూత తీసి లోపలికి తొంగిచూసింది.

"తాతగారూ, దీన్ని అసలు వాడారా?"

"రాత్రీ పగలూ."

"మరి ఫిల్టరు మీద ప్లాస్టిక్ కవరు తీయలేదేంటండీ? ఇలా ఉంటే గాలి లోపలికే వెళ్ళదు."

తాతయ్య తడబడ్డాడు. "కొత్త వస్తువు కదమ్మా. కవరు తీస్తే మాసిపోదూ?"

ఆ ఇంట్లో సోఫాకి కవరు, రిమోటుకి కవరు, గొడుక్కి కవరు. ఆ కవరు చిరగకుండా పైన ఇంకో కవరు.

కూతురు కడుపు పట్టుకుని నవ్వింది. "మీ కొత్తల్లుడు ఇన్నాళ్ళూ పనీపాటా లేకుండా కూర్చుని కరెంటు తిన్నాడు నాన్నా."

"నన్నేం అనకండి. నేను ఉద్యోగం చేస్తున్నాను," అన్నాడు అసలు అల్లుడు.

నవ్వులు తగ్గాక ప్రశ్న మిగిలింది. మరి పాపకి ఎలా తగ్గినట్టు?

కూతురు డాక్టరమ్మకి ఫోన్ చేసింది.

"మిషను కాకపోతే, ఇంట్లో ఇంకేదో మారి ఉండాలి. గుర్తు తెచ్చుకోండి," అంది డాక్టరమ్మ.

"పావురాలు రావట్లేదు," అంది పక్కనుంచి పాప.

"పావురాలా? ముందే చెప్పాలి కదమ్మా. వాటి రెట్ట ఎండి, పొడై గాలిలో కలుస్తుంది. కొంతమంది పిల్లలకి అస్సలు పడదు."

తాతయ్య కుర్చీలో కూలబడ్డాడు. తన చేత్తో తనే పాపకి దగ్గు తెచ్చిపెట్టానని తెలిసి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాప వచ్చి ఒళ్ళో కూర్చున్నాక గానీ తేరుకోలేదు.

"ఆ చప్పట్లాయనకి దండం పెట్టొస్తాను," అంటూ లేచాడు.

పై ఇంటి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఇల్లుగలావిడ ఖాళీ గదులు ఊడుస్తోంది.

"ఆయన నిన్ననే ఖాళీ చేసేశారు అన్నయ్యగారూ. ఊరి చివర స్నేహితుడి దగ్గరికి వెళ్ళిపోయారు."

తాతయ్య ఉసూరుమన్నాడు. "ఆయన్ని నానా మాటలూ అన్నానమ్మా. ఆయనకి పావురాలంటే గిట్టకపోవడమే మా అదృష్టమైంది."

ఆవిడ చీపురు పక్కన పెట్టింది.

"గిట్టకపోవడమేమిటండీ? ఆ పావురాలన్నీ ఆయన ఇక్కడికి దిగినప్పుడు వెంట తెచ్చుకున్నవే. మేడ మీద గూళ్ళు కట్టి పిల్లల్లా సాకారు. మెట్ల మీద మీ పాప దగ్గు విని, ఇది వీటివల్లేనని అన్నీ ఆ స్నేహితుడికి ఇచ్చేశారు. గింజలేసే పెద్దాయన మనసు నొచ్చుకుంటుంది, ఎవరికీ చెప్పొద్దన్నారు. అవేమో ఇల్లు మరిచిపోలేక రోజూ తిరిగొచ్చేవి. వాలనిస్తే ఇక కదలవని, ఒక పక్క కళ్ళు తుడుచుకుంటూనే చప్పట్లు కొట్టి పంపించేవారు."