మొదటి గుక్క

"గ్లాసు గట్ల పట్టొద్దన్నా. కింద కాడ పట్టుకో. జర తిప్పు, వాసన చూడు, గప్పుడు తాగు."

తమ్ముడు డేవిడ్ చెప్పినట్టే విజయ్ గ్లాసు తిప్పాడు. సగం వైను చొక్కా మీద పడింది.

మానవపాడు దగ్గర కొత్తగా వెలసిన వైనరీ అది. ఇన్నాళ్ళూ తోటలో, వైను ట్యాంకుల దగ్గర చాకిరీ చేసిన డేవిడ్‌ను ఆ రోజే మొదటిసారి కౌంటర్ దగ్గర నిలబెట్టారు. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్ళకు వైను రుచి చూపించి మెప్పిస్తే నౌకరి ఖాయం, లేకపోతే మళ్ళీ తోటలో కూలి. తమ్ముడి వైభవం చూద్దామని విజయ్ పుణెలో మేస్త్రీ పని ఆపుకుని మరీ వచ్చాడు.

ఒక గుక్క తాగాడు. పచ్చి నేరేడుకాయ కొరికినట్టు నాలుక పట్టేసింది.

"ఎట్లుందన్నా?"

"మస్తుంది," అన్నాడు మొహం చిట్లించకుండా.

చుట్టూ ఉన్నవాళ్ళు పుక్కిలించి బకెట్లో ఉమ్మేస్తున్నారు. అదే పద్ధతట. విజయ్‌కి ఒళ్ళు మండింది కానీ, పెద్దవాళ్ళ సంగతి మనకెందుకులే అని నోరు మూసుకున్నాడు.

మూలన నిలబడ్డ ఒక ముసలాయనకు గ్లాసు నింపి ఇచ్చి, డేవిడ్ ఇంకో సీసా కోసం కింది గదిలోకి దిగాడు.

ముసలాయన గ్లాసు రెండు చేతులా పట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని ఏదో గొణిగాడు. తర్వాత గ్లాసు వంచి కొంచెం నేలమీద పోశాడు.

తెల్లటి బండల మీద ఎర్రగా పారింది. ఒకావిడ చీర అంచు ఎత్తి పట్టుకుని వెనక్కి జరిగింది.

"ఎవరితను? డేవిడ్ మనిషేనా?" అన్నాడు యజమాని.

విజయ్ గబగబా ముసలాయన మీదికి వెళ్ళాడు.

"ఏయ్, ఏంది పని? సాక పోయనీకి ఇది కల్లు దుకాణమనుకున్నవా?"

పోయినవాళ్ళ పేరున, తాగేముందు నేలకు పోసే సాక విజయ్‌కి తెలియనిదేం కాదు. ఊళ్ళో కల్లు ముందు కూర్చుంటే తనూ పోస్తాడు. కానీ ఇంత పెద్ద సార్ల ముందా? ఉమ్మేవాళ్ళ ముందు తల వంచుకున్నవాడికి, పోసినవాడి మీద మాత్రం ఎక్కడలేని కోపం వచ్చింది.

"తాగేముందు పొయ్యాలె గద బిడ్డా."

"అసలు నిన్నెవరు రానిచ్చిండ్రు?"

"డేవిడ్ పిలిస్తే వచ్చిన."

"వాని పేరు చెప్పి ఊకె తాగనీకి వచ్చినవా? వాని నౌకరి పోతే నువ్వు పెడ్తవా బువ్వ?"

ముసలాయన ఉలిక్కిపడ్డాడు. "నౌకరి పోతదా? గట్లయితే నేను పోత తియ్."

భుజం మీది తువ్వాలతో నేల తుడిచాడు. అయినా విజయ్ చల్లారలేదు. రెక్క పట్టుకుని గేటు దాకా లాక్కెళ్ళి బయటికి నెట్టాడు.

"మల్ల ఈ దిక్కు కనపడితే మర్యాదుండదు."

"వానికి చెప్పకు బిడ్డా. పరేషాన్ అయితడు," అన్నాడు ముసలాయన.

విజయ్ తిరిగొచ్చేసరికి డేవిడ్ సీసాతో పైకి వచ్చి వెతుకుతున్నాడు.

"ఎల్లయ్య పెద్దాయన ఏడి?"

"గా నేల ఖరాబు చేసినోడా? బయటికి నూకిన. నీ నౌకరి కాపాడిన."

డేవిడ్ సీసా కౌంటర్ మీద పెట్టాడు. ఏనాడూ అన్న ముందు గొంతు పెంచనివాడు, యజమాని చూస్తుండగానే వచ్చి విజయ్ కాలర్ పట్టుకున్నాడు. మరుక్షణం వదిలేసి గేటు వైపు పరుగెత్తాడు.

విజయ్ వెంట వెళ్ళేసరికి రోడ్డు మీద ఎవరూ లేరు. ముసలాయన ఆటో ఎక్కి పోయాడని వాచ్‌మన్ చెప్పాడు.

"గంత కోపమేందిరా? ఎవరాయన?"

డేవిడ్ ఖాళీ రోడ్డు వైపే చూస్తూ అన్నాడు.

"ఇయ్యాల పోసింది, ఈరన్న ఆఖరుసారి కోసిన ద్రాక్షతోని చేసిన వైను. సారుకు వాడు యాదికి లేడు. నువ్వన్నా ఎవరని ఆయన్ని ఒక్కమాట అడగాలె గదన్నా."

"ఏ ఈరన్న?"

"నీకు చెప్పలే గని, పోయినేడు వైను ట్యాంకు కడగనీకి దిగి నేను గాలాడక పడిపోతే, నన్ను పైకి నూకి, తాను మల్ల ఎక్కలేక లోపట్నే పాణమిడిసిన ఈరన్న. నువ్వు మెడబట్టి నూకింది వాళ్ళ నాయననన్నా."